మా అమ్మ వెళ్తున్న పెద్దోళ్ల రాత్రి బడి, ఆరు నెలలయ్యాక నా రివ్యూ (5కి 4)

ఫ్రీగా చెప్పే చదువుకి రివ్యూ ఏంటి అంటారేమో, కానీ మా అమ్మ పెట్టింది తన టైం, వారానికి ఐదు రోజులు రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా, అది సీరియళ్ల టైం అండీ, చిన్న ఖర్చేం కాదు. సెంటర్ హైదరాబాద్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో, చెప్పేది ఒక రిటైర్డ్ బ్యాంకు సార్, ముగ్గురు డిగ్రీ పిల్లలు, ఎవరికీ రూపాయి జీతం లేదు. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కొంచెం తిట్టాల్సింది ఉంది.

అమ్మకి 54. మాది పాలమూరు, 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో అక్షరాస్యత అడుగున ఉన్న జిల్లా, సుమారు 55 శాతం, మిగిలిన ఆ 45లో మా అమ్మ ఒకతి. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకోడానికి బడి మాన్పించారంట. సంతకం అయితే వచ్చు, సంఘంలో లోన్ కోసం నేర్పించారు, కానీ అది ముగ్గేసినట్టు వేసేది, పేర్లో ఉన్న ‘క్ష్మ’ని చూపించి ఇది ఏంటమ్మా అంటే ఏమో గట్లనే రావాలె అనేది. 2023 డిసెంబర్లో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేశాక ఊరంతా తిరగొచ్చు అని సంబరపడింది గానీ టికెట్‌కి డబ్బులు అక్కర్లేకపోయినా ఏ బస్సెక్కాలో పక్కనోళ్లని అడగాల్సిందే కదా, ఒకసారి ఎవరో పిల్లగాడు విసుక్కున్నాడని ఇంటికొచ్చి అన్నం తినలేదు. అప్పుడు చేర్పించా.

మొదటి రెండు వారాలు వేస్ట్ అనుకున్నా. అక్షరాలన్నీ చీమల్లెక్క పాకుతున్నయ్, నాకు రాదు బిడ్డా, నన్ను ఇడిసిపెట్టు అని రోజూ గొడవ. పుస్తకం చెయ్యంత దూరం పెట్టుకుని చూస్తోందని పట్టుకున్నది ఆ బ్యాంకు సార్. చదువు రాకపోవడం కాదు, చత్వారం! ఎప్పుడూ చదవని మనిషికి దగ్గర చూపు పోయిందని ఎలా తెలుస్తుంది చెప్పండి, సూదిలో దారం నాతో ఎక్కిస్తుంటే నేనూ ఏదో పని చెప్తోంది అనుకున్నా తప్ప ఆలోచించలేదు. 150 రూపాయల అద్దాలు కొన్నాం. బ్యాచ్‌లో ఉన్న 14 మందిలో ఆరుగురికి అదే కథ. నాకు ఈ సెంటర్ మీద గౌరవం వచ్చింది అక్కడే.

చెప్పే పద్ధతి గురించి. డిగ్రీ పిల్లల్లో ఒకబ్బాయి మొదట్లో ఎల్‌కేజీ వాళ్లకి చెప్పినట్టు అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని పాడించేవాడు, ఒకావిడ లేచి అమ్మనైతి, అమ్మమ్మనైతి, మళ్ల ఇప్పుడు అ అంటే అమ్మనా కొడకా అనేసరికి క్లాసంతా నవ్వులు. పాపం ఆ అబ్బాయి కూడా నవ్వేసి, మరి మీకు ఏం చదవాలనుందో చెప్పండత్తా అని ఒక్కొక్కరినీ అడిగాడంట. మా అమ్మ బస్సు బోర్డు అంది. అంతే, పలక మీద ఉప్పల్, కోఠి, దిల్‌సుఖ్‌నగర్. నిజంగా ఆ ‘ఠ’ అక్షరం కోఠి బస్సు కోసమే పుట్టిందేమో, ఇంకెక్కడా పెద్దగా కనపడదు, కానీ అమ్మకి ‘ట’ కంటే ముందు అదే వచ్చింది. గుణింతాలు బానే వచ్చాయి, ఒత్తుల దగ్గర ఏడిపించింది. త ఒత్తు త లాగ ఉండదు, మ ఒత్తు మ లాగ ఉండదు, ‘అత్తమ్మ’ రాయమంటే రెండూ పడ్డాయి, అత్తమ్మ అంటే గిన్ని మెలికలుంటయ్ మరి అని మా నాయనమ్మ ఫొటో వైపు చూసింది.

ఇంకోటి, ఆ సార్‌ది నెల్లూరు. 1990ల మొదట్లో వాళ్ల జిల్లాలో ఇలాంటి రాత్రి బడుల్లోనే సారా గురించి పాఠం చదివిన ఆడవాళ్లు దూబగుంటలో దుకాణం మూయించారని, అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా పోయిందని చెప్పాడంట. ఈ ముచ్చట ముందే తెలిస్తే మా ఆయన నన్ను పంపుతుండెనా అందంట ఒకావిడ.

ఇప్పుడు తిట్టు. డిగ్రీ ఎగ్జామ్స్ టైంలో ముగ్గురూ మాయం, సార్ కూతురి దగ్గరికి వెళ్లారు, క్లాస్ నెల రోజులు బంద్, సరే జీతం లేనోళ్లని ఎంతని అంటాం, కానీ ఒక్క ఫోన్ చేయొచ్చు కదా. మా అమ్మ మూడు రోజులు వరసగా సంచీలో పలక వేసుకుని వెళ్లి, తాళం చూసి తిరిగొచ్చింది. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాం అన్నారు. చదువు రానోళ్లకి మెసేజ్ పెట్టారంట! వాయిస్ పెట్టినా సరిపోయేది. ఆ నెలలో ఒత్తులు సగం మర్చిపోయింది, నలుగురు మళ్లీ రానేలేదు.

చివర్లో ఉల్లాస్ పరీక్ష రాయిస్తాం అంటున్నారు, 15 ఏళ్లు దాటినోళ్ల కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన ప్రోగ్రాంలోది, చదవడం, రాయడం, లెక్కలు తలా 50, మొత్తం 150 మార్కులు. లెక్కలకి అమ్మకి భయం లేదు, కూరగాయలోడు తప్పు చిల్లర ఇచ్చి బతికి బయటపడ్డది లేదు. రాయడం మాత్రం ఇంకా స్లో, లైన్ కిందికి జారిపోతుంది.

మొన్న బస్టాప్‌లో నేను ఫోన్ చూస్కుంటుంటే లే, కోఠి అచ్చింది అని చెయ్యి పట్టి లాగింది. అది మేం ఎక్కాల్సిన బస్సు కాదు. అయినా చదివింది కరెక్టే.

ఒక స్టార్ ఆ తాళానికి కట్ చేశా. కొత్త బ్యాచ్ దసరా తర్వాత అంటున్నారు, పలక, పుస్తకం వాళ్లే ఇస్తారు, మీ ఇంట్లో పెద్దోళ్లని పంపేముందు కళ్లు ఒకసారి చూపించి పంపండి.