పీసీబీకి ఫిర్యాదు: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మా కాలనీకి ఎగువన ఉన్న ఒక రసాయన యూనిట్ రాత్రిళ్లు వ్యర్థజలాలను వాననీటి కాలువలోకి వదిలేస్తోందన్నది మా ఫిర్యాదు. దాని కోసం కొన్నేళ్లుగా కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ, అంటే పొల్యూషన్ కంట్రోల్ బోర్డు) ఫిర్యాదు వ్యవస్థను వాడుతున్నాం. యూనిట్ పేరు, ఆఫీసు పేరు ఇక్కడ రాయను. ఈ దారిలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లకు ఏది పనిచేస్తుందో, ఏది చేయదో చెప్పడానికే ఇది. నా తీర్పు ముందే చెప్పేస్తాను: రికార్డు తయారుచేసుకోవడానికి ఈ వ్యవస్థ బాగా పనికొస్తుంది. ఫిర్యాదు పెట్టి ఊరుకుంటే కాలుష్యం దానంతటదే ఆగుతుందనుకుంటే మాత్రం నిరాశే.

ఫిర్యాదు నమోదు చేయడం చాలా తేలిక. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ప్రాంతీయ కార్యాలయంలో నేరుగా అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోవచ్చు, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లొచ్చు, లేదా కేంద్రం నడిపే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో వేయొచ్చు. సీపీగ్రామ్స్‌లో పరిష్కారానికి గడువును 2024లో 21 రోజులకు తగ్గించారు. గడువు ఉంది కాబట్టి జవాబైతే వస్తుంది. కానీ ఎక్కడ వేసినా ఆ కాగితం తిరిగి తిరిగి చివరికి అదే ప్రాంతీయ కార్యాలయానికి, అదే ఇంజినీర్ టేబుల్ మీదికి చేరుతుంది. నాలుగు చోట్లా వేస్తే నాలుగు తనిఖీలు జరగవు. ఒకే జవాబు నాలుగు నంబర్లతో వస్తుంది, అంతే.

అసలు చిక్కు తనిఖీ దగ్గర వస్తుంది. ఆ నీళ్ల నుంచి రాత్రిపూట వచ్చే వాసన గురించి మేం రాస్తే, ఇంజినీర్ గారు మర్నాడో ఆ తర్వాతి వారమో పగలు పదకొండింటికి వస్తారు. 'తనిఖీ సమయంలో ఎటువంటి దుర్వాసన గమనించలేదు' అని రాసి ఫిర్యాదు క్లోజ్ చేస్తారు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, వాసన చెదిరిపోతుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి కదలక కిందనే పేరుకుంటుంది. పైగా రాత్రి వదిలిన నీళ్లు తెల్లారేసరికి కాలువలో ఎక్కడికో వెళ్లిపోతాయి. వాసన గురించి రాసినంత కాలం మా ఫిర్యాదులన్నీ ఇలాగే క్లోజ్ అయ్యాయి.

పరిస్థితి మారింది సమాచార హక్కు దరఖాస్తుతో. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. అడిగినవి మూడే: యూనిట్‌కి ఇచ్చిన సీఎఫ్‌ఓ, అంటే నడుపుకోవడానికి బోర్డు ఇచ్చిన అనుమతి కాపీ, ఇప్పటిదాకా జరిగిన తనిఖీల నివేదికలు, తీసిన శాంపిళ్ల ల్యాబ్ రిపోర్టులు. సీఎఫ్‌ఓ చేతికొచ్చాక తెలిసింది ఏమిటంటే, ఆ యూనిట్‌కి 'జీరో లిక్విడ్ డిశ్చార్జ్' షరతు ఉంది. వ్యర్థజలాలన్నీ లోపలే శుద్ధి చేసుకుని మళ్లీ వాడుకోవాలి, ఆవరణ దాటి చుక్క కూడా బయటికి రాకూడదు. అంటే వాసన ఉందా లేదా, ఎంత ఉంది అన్న గొడవే అక్కర్లేదు. గోడ అవతలికి పైపు వచ్చి, అందులోంచి నీళ్లు పడుతున్నాయంటే అదే ఉల్లంఘన.

ఆ తర్వాత మా ఫిర్యాదు రూపమే మారిపోయింది. ముందు రెండు పేజీల ఆవేదన ఉండేది, పిల్లల దగ్గుతో సహా. ఇప్పుడు ఆరేడు వాక్యాలు: ఏ తేదీన, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ కల్వర్టు దగ్గర, ఎటువైపు పైపులోంచి, నీళ్ల రంగు ఏమిటి, సీఎఫ్‌ఓలో ఏ నంబరు షరతుకు ఇది విరుద్ధం. వాటితోపాటు తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే కెమెరా యాప్‌తో తీసిన బొమ్మలు. టార్చ్ వెలుగులో తీసిన ఒక ఫొటోలో పసుపు రంగు నురగ పక్కనే కల్వర్టు నంబరు కూడా స్పష్టంగా పడింది. అంతదాకా చేసిన వాదనంతటికంటే ఆ ఒక్క ఫొటో ఎక్కువ పనిచేసింది.

మాలో ఒకాయన పీహెచ్ పేపర్, అంటే నీళ్లలో ఆమ్లం ఎంత ఉందో రంగు మారి చూపించే కాగితం కూడా తెచ్చాడు. కర్రకు కట్టిన సీసాతో నీళ్లు తీసి ముంచితే పేపర్ ఎర్రబడింది. శుద్ధి చేసిన నీటిని నదులు, కాలువల్లోకి వదలాలన్నా పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలన్నది సాధారణ ప్రమాణం. ఎర్రరంగు అంటే దానికి చాలా కింద ఉన్నట్టు. చట్టం ముందు ఈ పరీక్షకు విలువ లేదు. 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం బోర్డు అధికారే యూనిట్‌కి నోటీసు ఇచ్చి, శాంపిల్ తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి పంపాలి. కానీ ఆ అధికారి రాత్రిపూట కదిలి రావడానికి ఈ పేపర్ ఒక కారణమైంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కాలువలోకి వంగి చూడకండి, మ్యాన్‌హోల్ మూత తీయకండి. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువైనది, పల్లంలో నిలుస్తుంది. మోతాదు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలికి వంద భాగాలు) దాకా పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన ఉన్నట్టుండి ఆగిపోయిందంటే గాలి బాగుపడిందని కాదు, వెంటనే అక్కడి నుంచి వచ్చేయాలని.

చివరికి రాత్రి శాంపిల్ తీశారు, రిపోర్టు మాకు అనుకూలంగా వచ్చింది, షోకాజ్ నోటీసు, ఆ తర్వాత హియరింగ్. కరెంటు, నీటి సరఫరా కూడా నిలిపేయమని ఆదేశించే అధికారం నీటి చట్టం 33ఏ కింద బోర్డుకు ఉంది. మా విషయంలో అంతదాకా పోలేదు. కొన్ని నెలలు కాలువ ఎండిపోయి ఉంది. వానలు పడగానే మళ్లీ మొదలైంది. వరదనీటిలో కలిపేస్తే పట్టుకోవడం కష్టమని వాళ్లకూ తెలుసు.

ఈ సేవలో నాకు బొత్తిగా నచ్చనిది గోప్యత. ఫిర్యాదు ఇచ్చిన కొన్నాళ్లకే యూనిట్ మనిషి ఒకాయన మాలో ఒకరికి ఫోన్ చేసి పేరు పెట్టి పలకరించాడు. బెదిరించలేదు, 'కూర్చుని మాట్లాడుకుందాం సార్' అన్నాడు. టెన్షన్ పెట్టడానికి అది చాలు. అప్పటి నుంచి అర్జీలన్నీ కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద, అందరి సంతకాలతోనే ఇస్తున్నాం.

సరైన ఆఫీసుకు వెళ్లడం కూడా ముఖ్యం. రాత్రి డీజే గోలకు పీసీబీ చుట్టూ తిరగకుండా పోలీసులకు చెప్పడమే నయం. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. చెత్త తగలబెడితే మునిసిపాలిటీకి చెప్పాలి.

బోర్డుతో తేలకపోతే మిగిలింది జాతీయ హరిత ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. కాకపోతే వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు చేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు. ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు చెప్పాం అన్న తేదీలు అక్కడ కీలకం కాబట్టి, క్లోజ్ అయినవి సహా ప్రతి ఫిర్యాదు నంబరూ దాచుకోండి. మేమింకా అక్కడిదాకా వెళ్లలేదు. వానల్లో మొదటి వారమే రాత్రి తనిఖీ పెట్టమని, ఆ పైపును శాశ్వతంగా మూయించమని ఇచ్చిన అర్జీ ప్రస్తుతం పెండింగ్‌లో ఉంది.