విశాఖలో అద్దెకు ఫోర్ బై ఫోర్: థార్, జిమ్నీలతో మన్యం దారులు తిరిగాక

వైజాగ్‌లో సెల్ఫ్ డ్రైవ్‌కి మహీంద్రా థార్ తీసుకునేవాళ్లలో చాలామంది వెళ్లేది అరకు, లంబసింగి, వంజంగి వైపే. ముందే చెప్పాల్సిన సంగతి ఏమిటంటే, ఈ మూడు ఊళ్ల దాకా తారు రోడ్డు ఉంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కడానికి మామూలు స్విఫ్ట్ సరిపోతుంది, ఆర్టీసీ బస్సులు రోజూ ఎక్కే దారే అది. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందే బండి) అద్దె చిన్న కారుకి రెట్టింపు దాకా ఉంటుంది. ఆ డబ్బు గిట్టుబాటు అయ్యేది తారు అయిపోయిన తర్వాతే. వానాకాలంలో గెడ్డల (కొండవాగుల) వైపు దిగే మట్టిదారి, గూడేలకి పోయే రాళ్ల బాట, రోడ్డు పనులు జరిగే చోట ఎర్రమట్టి బురద, ఇలాంటివి మీ దారిలో ఉంటేనే తీసుకోండి. లేకపోతే టూ వీల్ డ్రైవ్ తీసుకుని మిగిలిన డబ్బుతో ఇంకో రాత్రి అరకులో ఉండొచ్చు.

బుక్ చేసేటప్పుడు ఎక్కువమంది దెబ్బతినేది ఒక్కచోటే. యాప్‌లో ‘థార్’ అని ఉన్నంత మాత్రాన అది ఫోర్ బై ఫోర్ కాదు. 2023 జనవరి నుంచి వెనక చక్రాలకి మాత్రమే ఇంజన్ శక్తి అందే థార్ కూడా అమ్ముతున్నారు. 1.5 లీటర్ డీజిల్‌లో మాన్యువల్, 2.0 పెట్రోల్‌లో ఆటోమేటిక్. బయట నుంచి చూస్తే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. గేర్ రాడ్ పక్కన ఇంకో చిన్న లివర్ ఉండి, దాని మీద 2హెచ్, 4హెచ్, ఎన్, 4ఎల్ అని రాసి ఉంటేనే అది మనకు కావాల్సిన బండి. 2హెచ్ అంటే వెనక రెండు చక్రాలకే శక్తి, 4హెచ్ అంటే నాలుగింటికీ, ఎన్ న్యూట్రల్, 4ఎల్ అంటే నాలుగింటికీ నెమ్మది వేగంలో ఎక్కువ లాగుడు. ఆ చోట ఖాళీ అర ఉంటే కాదు. ఐదు తలుపుల థార్ రాక్స్‌లోనూ ఇదే చిక్కు. అందులో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కి మాత్రమే ఉంది, పెట్రోల్ రాక్స్ ఏదైనా వెనక చక్రాల బండే. మారుతి జిమ్నీతో ఈ బెడద లేదు, ఇక్కడ అమ్మే ప్రతి జిమ్నీ ఫోర్ బై ఫోరే. డబ్బు కట్టే ముందే ఆ లివర్ ఫొటో పంపమని అడగండి. పంపడానికి నసిగితే ఆ బండి వదిలేయండి.

నంబర్ ప్లేటు కూడా చూడాలి. సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు సొంత బండిని చేతిబదులుగా అద్దెకిచ్చేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, కాస్త తక్కువకి కూడా వస్తుంది. కానీ సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీ అద్దెకు తిప్పే బండికి వర్తించదు. ఘాట్‌లో ఎదురుగా వచ్చే బైక్‌కి తగిలితే ఆ ఖర్చు మొత్తం మీ నెత్తిన పడొచ్చు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ గడువులు నిమిషంలో కనిపిస్తాయి. ఒడిశాలోని దేవ్‌మాలి కొండ దాకా వెళ్లే ఆలోచన ఉంటే ఒడిశా పర్మిట్ సంగతి బుకింగ్ రోజే తేల్చుకోవాలి. సరిహద్దు దగ్గర ఫోన్ చేస్తే ఓనర్ ఎత్తడు.

బండి చేతికిచ్చేటప్పుడు గీతలు, సొట్టలు వీడియో తీయడం అందరూ చేస్తారు. దాంతో పాటు వంగి కింద కూడా తీయండి. ముందు బంపర్ అడుగు, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె) కింద పలక, వెనక డిఫరెన్షియల్ (మలుపులో చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) గుండు, ఈ మూడు చోట్ల పాత దెబ్బలు వీడియోలో లేకపోతే తిరిగిచ్చేటప్పుడు అవి మీ ఖాతాలోకే వస్తాయి. సముద్రపు గాలికి వైజాగ్ బళ్లకి కింద తుప్పు తొందరగా పడుతుంది. థార్‌కి తలుపుల బందులు బయటికే ఉంటాయి కాబట్టి ముందు అక్కడ తెలుస్తుంది. పైన కొద్దిగా ఎర్రబడటం మామూలే. బ్రేక్ పైపుల మీద పొరలుగా లేచిన తుప్పు ఉంటే మాత్రం వేరే బండి అడగాలి.

టైర్లకి ఇంకాస్త సమయం ఇవ్వండి. పై మోడల్ థార్‌కి 255/65 ఆర్18, జిమ్నీకి 195/80 ఆర్15 ఉంటాయి. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. అద్దె బళ్లకి ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి వేసేస్తుంటారు. ఫోర్ వీల్‌లో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే ఆ తేడా అంతా గేర్ల మీద ఒత్తిడిగా పడుతుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. ఐదేళ్లు దాటిన రబ్బరు తడి రాయి మీద పట్టు ఇవ్వదు. తారు మీద నడవడానికి టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల పైన ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, కానీ బురదకి కనీసం 4 మిల్లీమీటర్ల లోతు లేకపోతే ఫోర్ బై ఫోర్ తీసుకుని ఉపయోగం లేదు. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ మూడూ కళ్లతో చూడాలి.

తర్వాత ఆ లివర్ నిజంగా పనిచేస్తోందా అన్నది. నెలల తరబడి ఎవరూ కదపని లివర్లు బిగుసుకుపోయి ఉంటాయి. మట్టి నేల మీదికి తీసుకెళ్లి, బండి ఆపి, 4హెచ్‌లో వేయండి. డాష్‌బోర్డులో గుర్తు మిణుకుమిణుకుమనడం ఆగి నిలకడగా వెలగాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి నడక వేగంతో కదిలితే బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బిగపట్టాలి. అలా బిగిస్తే ముందు చక్రాలకి శక్తి అందుతున్నట్టే. ఏ తేడా లేకుండా హాయిగా తిరిగితే లైటు వెలిగినా లోపల కలవలేదని అర్థం. 4ఎల్‌కి బండి పూర్తిగా ఆగి, క్లచ్ నొక్కి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, లివర్‌ని ఎన్ మీదుగా ఆగకుండా ఒకే ఊపులో లాగాలి. సగంలో ఆపితే పళ్లు కొరుకుతున్న చప్పుడు వస్తుంది.

పొడి తారు మీద 4హెచ్ వాడకూడదని ఓనర్లు చెప్పరు, వాళ్లలో కొందరికి తెలియదు కూడా. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోతాయి. థార్‌లోనూ జిమ్నీలోనూ ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడాని టైరు జారడం ద్వారానే సర్దుకోవాలి. మట్టిలో జారుతుంది, పొడి తారు మీద జారదు. అనంతగిరి ఘాట్ హెయిర్‌పిన్ మలుపుల్లో 4హెచ్‌తో ఎక్కితే స్టీరింగ్ బరువెక్కి, కింద టకటకమని కొట్టి, చివరికి లివర్ 2హెచ్‌కి రాకుండా ఇరుక్కుంటుంది. అలా ఇరుక్కున్నప్పుడు బలవంతంగా లాగొద్దు. తిన్నగా రెండు మూడు మీటర్లు రివర్స్ తీస్తే బిగుతు వదిలి లివర్ దానంతట అదే వస్తుంది. గట్టి వానలో, తడి మట్టి పరుచుకున్న రోడ్డు మీద మాత్రం 4హెచ్ మంచిదే.

4ఎల్ కొండ ఎక్కడానికే అనుకుంటారు. నా లెక్కలో దాని అసలు విలువ దిగడంలో ఉంది. థార్‌లో 4ఎల్ నిష్పత్తి 2.48. అంటే ఫస్ట్ గేర్‌లో ఉన్నప్పుడు అదే ఇంజన్ వేగానికి బండి రెండున్నర రెట్లు నెమ్మదిగా పోతుంది. జారుడు ఎర్రమట్టి వాలులో కాళ్లు రెండూ పెడళ్ల మీంచి తీసేస్తే ఇంజనే బండిని పట్టి దించుతుంది. అక్కడ బ్రేక్ తొక్కితే చక్రం ఆగిపోయి జారుతుంది, క్లచ్ తొక్కితే ఇంజన్ పట్టే వదిలేస్తుంది. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే మన్యంలో అది అద్దె డిపాజిట్‌ని మింగేస్తుంది, ఎందుకంటే క్లచ్ ప్లేట్లకి సాధారణంగా డ్యామేజీ కవర్ వర్తించదు. తారు ఘాట్ దిగేటప్పుడు 2హెచ్‌లోనే రెండు, మూడు గేర్లు చాలు. ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగమని పాత లారీ డ్రైవర్లు చెప్పేది ఈ బళ్లకీ వర్తిస్తుంది. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, అది మర్యాదే కాదు, రోడ్డు నిబంధన కూడా.

బురదలో ఒక చక్రం గాల్లో తిరిగితే భయపడి యాక్సిలరేటర్ వదిలేయడం సహజం. అది తప్పు. తిరిగే చక్రానికి కంప్యూటర్ బ్రేక్ వేసి శక్తిని రెండో చక్రానికి పంపే ఏర్పాటు రెండు బళ్లలోనూ ఉంది. దానికి నిలకడగా మూడు నాలుగు సెకన్లు యాక్సిలరేటర్ ఇవ్వాలి. కొన్ని డీజిల్ థార్లకి వెనక ఆక్సిల్‌లో మెకానికల్ లాకర్ (రెండు వెనక చక్రాలనీ కలిపి తిప్పే తాళం) కూడా ఉంటుంది. రెండు చక్రాల వేగం తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే టక్కున శబ్దం చేసి తాళం పడుతుంది. ఆ శబ్దానికి ఏదో విరిగిందని ఆపేయకండి. అప్పటికీ కదలకపోతే ఇంకా తొక్కి లోతుగా దింపుకోవద్దు. టైరు గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, చక్రాల ముందు చదును రాళ్లు పేర్చి, 4ఎల్ రెండో గేర్లో నెమ్మదిగా లాగాలి. తారు ఎక్కే ముందు గాలి మళ్లీ నింపాలి. అందుకే 12 వోల్టుల చిన్న కంప్రెసర్, గేజ్ వెంట ఉండాలి. అద్దె బండిలో ఇవేవీ ఉండవు. లాగే పట్టీ కొనేటప్పుడు బండి బరువుకి కనీసం మూడింతలు తట్టుకునేది తీసుకోండి. ఇంకో బండితో లాగించేటప్పుడు టో హుక్‌కే కట్టాలి, బంపర్‌కి కాదు, చుట్టూ జనం దూరంగా నిలబడాలి.

గెడ్డ దాటేటప్పుడు థార్‌కి కంపెనీ చెప్పే 650 మిల్లీమీటర్ల లోతుని నమ్ముకోకండి. అది కొత్త బండి, నిలకడ నీళ్ల లెక్క. అద్దె బండికి నా హద్దు చక్రం నడిమి బోల్టు, అంటే థార్‌కి సుమారు 39 సెంటీమీటర్లు. నీళ్లు పారుతుంటే అందులో సగమే. ముందు కర్రతో లోతు చూడాలి. ఇంజన్‌లోకి నీళ్లు పోతే ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వరు, బిల్లు లక్షల్లో ఉంటుంది. థార్‌కి వెనక డ్రమ్ బ్రేకులు. బయటికొచ్చాక ఎడమ కాలితో కాస్త నొక్కుతూ కొద్ది దూరం నడిపితే లోపలి నీళ్లు ఆరతాయి. డ్రమ్ములో బురద మిగిలితే మర్నాడు ఘాట్‌లో బ్రేక్ ఒక పక్కకి లాగుతుంది.

కటికి జలపాతం, వంజంగి మేఘాల కొండ దారుల్లో మాత్రం అద్దె బండి దింపకుండా ఊరి జీపు ఎక్కండి. ఆ దారిలో ప్రతి రాయీ తెలిసినవాళ్లు నడుపుతారు, ఆ డబ్బు అక్కడి గిరిజన కుటుంబాలకి వెళ్తుంది. మీ బండి కింద పలక కూడా క్షేమం.

బళ్ల సంగతికొస్తే, మూడు తలుపుల థార్ ఇద్దరికే. వెనక సీటుకి ముందు సీటు వంచి ఎక్కాలి, పెద్దవాళ్లకి మోకాళ్లు సహకరించవు. 2020 మోడల్లో వెనక ఏసీ గాలి రాదు, నలుగురు కూర్చుంటే సంచులకి చోటే లేదు. హాలోజన్ దీపాలు లంబసింగి మంచులో చాలవు, హై బీమ్ వేస్తే మంచు తెల్లటి గోడలా మారుతుంది కాబట్టి లో బీమ్‌తోనే నెమ్మదిగా పోవాలి. డీజిల్ లాగుడు మాత్రం గొప్పగా ఉంటుంది, 300 న్యూటన్ మీటర్ల టార్క్‌తో మలుపు మధ్యలో గేర్ మార్చే అవసరం తక్కువ. జిమ్నీ థార్ కంటే దాదాపు జానెడు తక్కువ వెడల్పు, చాలా తేలిక. గూడేల ఇరుకు బాటల్లో ఎదురుగా ట్రాక్టర్ వచ్చినప్పుడు ఆ జానెడే కాపాడుతుంది. కానీ 134 న్యూటన్ మీటర్ల పెట్రోల్ ఇంజన్ నలుగురితో పాడేరు ఘాట్ ఎక్కడానికి రెండో గేర్లో అరుస్తూనే ఉంటుంది. కుటుంబంతో అయితే డీజిల్ రాక్స్ తప్ప వేరే మాట చెప్పను.

విశాఖ, అరకు, పాడేరు, లంబసింగి, నర్సీపట్నం, తాళ్లపాలెం మీదుగా తిరిగి విశాఖ చుట్టు సుమారు 340 కిలోమీటర్లు. రోజుకి 300 హద్దు పెట్టే ఓనర్లు ఎక్కువ కాబట్టి ఒక్క రోజుకి తీసుకుంటే అదనపు ఛార్జీ పడుతుంది. కొండల్లో డీజిల్ థార్ లీటరుకి 10, 11 ఇస్తుంది, పెట్రోల్ అయితే 7, 8. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లే కాబట్టి పాడేరులో నింపుకుని కదలాలి. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగిన డీజిల్ బళ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని ఆపే ఫిల్టర్) మసి పట్టి ఉంటుంది. ఆ లైటు వెలిగితే ఇంజన్ ఆపకుండా హైవే మీద 60 పైన ఇరవై నిమిషాలు నడిపితే సాధారణంగా ఆరిపోతుంది, ఆరకపోతే ఘాట్ ఎక్కొద్దు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చింతపల్లి వైపు సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి.

రుషికొండ, భీమిలి, యారాడ ఇసుక మీదికి బండి దింపి ఫొటోలు తీసుకునే సరదా ఈమధ్య బాగా పెరిగింది. దయచేసి వద్దు. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలోనే ఇసుకలో గుడ్లు పెడతాయి, టైరు కింద అవి కనిపించవు కూడా. ఉప్పునీళ్లు తగిలిన బ్రేకులు, బేరింగులు వారాల్లో పాడవుతాయి, ఒప్పందంలో బీచ్ మీద జరిగిన నష్టమంతా అద్దెకు తీసుకున్నవాళ్లదే అని రాసి ఉంటుంది.

తిరిగిచ్చే ముందు కొత్తవలస దగ్గరో అనకాపల్లి దగ్గరో ఆగి కింద కూడా నీళ్లు కొట్టించండి. ఎర్రమట్టి ఎండితే గట్టిపడి, వాషింగ్ ఛార్జీ పేరుతో రెండింతలు పడుతుంది. లివర్ 2హెచ్‌లో ఉందో లేదో చూసి, మీటరు, ఇంధనం ముల్లు, కింద పలక మళ్లీ వీడియో తీసి, ఓనర్ ముందే అతని వాట్సాప్‌కి పంపండి. ఫాస్టాగ్ టోల్, పోలీసు చలాన్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి డిపాజిట్‌లో కొంత వారం పది రోజులు ఆపడం సబబే. ఎంత ఆపుతున్నారో, ఏ తారీఖున ఇస్తారో తాళం చేతికిచ్చే ముందు మెసేజ్‌లో రాయించుకోండి.