ప్రాక్స్‌మాక్స్‌తో ఐదేళ్లు: భీమవరం నుంచి రాజోలుకి వీఎంలు మోసిన అనుభవం

మాది భీమవరంలో రొయ్యల మేత డీలర్‌షిప్. మాది అంటే మా ఓనరు గారిది, నేను కంప్యూటర్లు చూసుకుంటాను. ప్రాక్స్‌మాక్స్ అంటే ఒకే సర్వరు పెట్టెలో చాలా కంప్యూటర్లని సాఫ్ట్‌వేర్‌తో నడిపించే సరంజామా, అలా నడిచే ఒక్కో కంప్యూటరే వీఎం (వర్చువల్ మెషీన్). హెడ్డాఫీసులో రెండు ప్రాక్స్‌మాక్స్ పెట్టెలు, యనమదుర్రు డ్రెయిన్ అవతల గోడౌన్లో ఒకటి, చించినాడ బ్రిడ్జి దాటాక రాజోలు బ్రాంచిలో ఒకటి. 2020 లాక్‌డౌన్‌లో వెర్షన్ 6తో మొదలుపెట్టి 8 దాకా వచ్చాను. నెట్లో కనపడే రివ్యూలన్నీ ఒకే గదిలో, ఒకే స్విచ్చికి కట్టిన సర్వర్ల గురించే. నా పని అలా లేదు. ఒకచోట కేబులు, ఒకచోట వైర్‌లెస్, ఇంకోచోట ఇంటర్నెట్. నడుస్తున్న వీఎంని ఈ మూడింటి మధ్యా తిప్పాలి.

కేబుల్ సంగతి తొందరగా తేల్చేస్తాను, ఎందుకంటే అక్కడ చెప్పుకోడానికి గొడవే లేదు. లైవ్ మైగ్రేషన్‌లో, అంటే వీఎంని నడుస్తుండగానే ఇంకో పెట్టెకి మార్చేటప్పుడు, దాని ర్యామ్ ముందు మొత్తం అవతలికి కాపీ అవుతుంది. ఈలోగా మారిన పేజీలు (ర్యామ్ ముక్కలు) మళ్లీ వెళతాయి. ఇక మిగిలింది కాస్తే అనుకున్నప్పుడు వీఎంని రెప్పపాటు ఆపి, ఆ కాస్తా పంపి, అవతల లేపుతుంది. ఆ ఆగడం మామూలు సెట్టింగులో 100 మిల్లీసెకన్లు దాటకుండా చూస్తుంది. గిగాబిట్ కేబుల్ మీద 16 జీబీ ర్యామ్ రెండున్నర నిమిషాల్లో వెళ్లిపోతుంది. ట్యాలీలో బిల్లు కొడుతున్న గుమస్తా గారికి సర్వరు మారిన సంగతే తెలీదు. ఒక్క జాగ్రత్త: పెట్టెలు వేర్వేరు తరాలవైతే సీపీయూ టైపు 'హోస్ట్' అని (అంటే పెట్టెలోని ప్రాసెసర్‌నే ఉన్నదున్నట్టు వీఎంకి చూపించేలా) పెట్టకండి. కొత్త ప్రాసెసర్ నుంచి పాతదానికి వెళ్లిన మా విండోస్ వీఎం అక్కడికి చేరాక కొయ్యబారిపోయింది. వెర్షన్ 8 నుంచి కొత్త వీఎంలకి 'ఎక్స్86-64-వీ2-ఏఈఎస్' తనంతట తనే వస్తోంది, అదే ఉంచండి.

గోడౌన్ దగ్గర మొదలైంది అసలు పాఠం. డ్రెయిన్ మీదుగా కేబుల్ లాగలేక 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ లింకు పెట్టాం. తెర మీద మైగ్రేషన్ చక్కగా పూర్తయింది, పచ్చ టిక్కు పడింది. పింగ్ (ఉన్నావా అని అడిగితే వచ్చే జవాబు) మాత్రం లేదు. వీఎం లోపలికెళ్లి చూస్తే నిక్షేపంలా ఉంది. వీఎంకి దాని సొంత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ఉంటుంది. చేరిన వెంటనే 'నేనిప్పుడు ఇక్కడున్నాను' అని అది స్విచ్చిలకి ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది. కేబుల్ మీదైతే స్విచ్చిలు వెంటనే దారి మార్చుకుంటాయి. మామూలు వైఫై క్లయింటు మోడ్‌లో ఉన్న రేడియో మాత్రం తన మ్యాక్ తప్ప వెనకాల ఉన్నవాళ్ల మ్యాక్‌లని అవతలికి చేరనివ్వదు. రేడియోలో డబ్ల్యూడీఎస్ మోడ్ (వెనకాల ఉన్నవాళ్ల మ్యాక్‌లనీ దాటనిచ్చే పద్ధతి) పెట్టాక అంతా సర్దుకుంది. దానికి నాకు పట్టింది రెండు రాత్రులు, మా ఇంట్లో చీవాట్లు అదనం. ఈ లింకుకి ఇంకో శత్రువు కొబ్బరిచెట్టు. గాలి వేస్తే మట్టలు అడ్డొచ్చి లింకు పోతుంది, క్లస్టర్లో (ఒక జట్టుగా కలిపిన పెట్టెల్లో) గోడౌన్ పెట్టె ఒంటరైపోతుంది. హెచ్ఏ (ఒక పెట్టె పోతే దాని వీఎంలని ఇంకో పెట్టె లేపే ఏర్పాటు) ఆన్ చేసి ఉంచితే అలా విడిపోయిన పెట్టె నిమిషంలో తనని తాను రీబూట్ చేసుకుంటుంది. అది దాని ధర్మమే, తప్పు నాది. హెచ్ఏ తీసేశాను.

ఇక రాజోలు. భీమవరం నుంచి బండి మీద గంటంబావు. డేటాకి మాత్రం అది దూరదేశం. రెండు చోట్లా వేర్వేరు కంపెనీల ఫైబర్ కావడంతో ప్యాకెట్ ఎక్కడెక్కడో తిరిగొస్తుంది, పింగ్ 35 మిల్లీసెకన్లు. క్లస్టర్‌ని నడిపే కోరోసింక్‌కి 5 లోపు కావాలి. అందుకే రాజోలుని క్లస్టర్లో కలపలేదు, విడిగానే ఉంచాను. 2022 నవంబర్లో వచ్చిన 7.3 దాకా ఇలాంటి విడి పెట్టెల మధ్య నడుస్తున్న వీఎంని పంపే దారే లేదు. అందులో 'క్యూఎం రిమోట్-మైగ్రేట్' అనే కమాండ్ వచ్చింది, అదీ ప్రయోగాత్మకం అన్న ముద్రతో. నా దగ్గర అయితే ఒక్కసారీ డేటా పోలేదు. మొదలుపెట్టే ముందు లెక్క వేసుకోవాలి. మా అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 6 ఎంబీ. 80 జీబీ డిస్కుకి మూడున్నర గంటలు. వీఎం ర్యామ్‌లో సెకనుకి 6 ఎంబీ కన్నా ఎక్కువ మారుతుంటే మైగ్రేషన్ తేలక లాగుతూనే ఉంటుంది, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. నెలాఖరు స్టాకు లెక్కలప్పుడు ఇలాగే గంటసేపు 98 శాతం దగ్గర చూస్తూ కూర్చున్నాను.

చేరాక అసలు ప్రశ్న: నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, అంటే ఐపీ ఏంటి? భీమవరంలో 192.168.1.20. రాజోలు నెట్‌వర్క్ 192.168.10. అందరి డెస్క్‌టాప్ మీదా రిమోట్ ఐకాన్లో పాత నంబరే ఉంది. మొదట తెలివిగా అనుకుని, రెండు ఊళ్లనీ వైర్‌గార్డ్ (ఇంటర్నెట్ మీద వేసే రహస్య సొరంగం) మీద వీఎక్స్‌ల్యాన్‌తో (దూరంగా ఉన్న నెట్‌వర్క్‌లని ఒకే స్విచ్చికి కట్టినట్టు చేసే పద్ధతి) ఒకటే నెట్‌వర్క్‌లా కలిపేశాను. పింగ్ వచ్చింది. గంటలో గుమస్తా గారి ఫోను.

"బాబూ, పాస్‌వర్డ్ అడుగుతోందండీ. కొడితే నల్లగా అయిపోతోంది."

"ఆయ్, మళ్లీ ఒక్కసారి కొట్టి చూడండి."

"ఇప్పటికి పదిసార్లు కొట్టాను బాబూ. మేత లారీ గుమ్మంలో ఉంది."

చిన్న ప్యాకెట్లు వెళుతున్నాయి, పెద్దవి దారిలో పోతున్నాయి. వైర్‌గార్డ్ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) 1420 బైట్లు, అందులో వీఎక్స్‌ల్యాన్ 50 బైట్లు తింటుంది, మిగిలింది 1370. వీఎం మాత్రం 1500 అనుకుని పంపుతోంది. విండోస్‌లో పింగ్‌కి ముక్కలు చేయొద్దని చెప్పి సైజు పెంచుకుంటూ పోతే 1342 దాకా జవాబొచ్చింది, 1343కి లేదు. ప్యాకెట్ ముందు చిరునామాలుండే హెడర్ 28 బైట్లు కలిపితే సరిగ్గా 1370. ఆ రెండంకెలు చూసినప్పుడు కలిగిన ఆనందం చెప్పలేను, లారీ మాత్రం అప్పటికే వెళ్లిపోయింది. ఎంటీయూ దిద్దాక వారం బాగుంది. ఆ తర్వాత కరెంటు పోయి వచ్చిన ఒక పొద్దున రాజోలు కంప్యూటర్లన్నీ భీమవరం రౌటర్ దగ్గర ఐపీ తీసుకున్నాయి. నెట్‌వర్క్ ఒకటైతే రౌటర్లు రెండూ డీహెచ్‌సీపీతో ఐపీలు పంచుతాయి కదా, ముందు పలికినవాడిదే మాట. రాజోలులో యూట్యూబ్ చూస్తే అది భీమవరం మీదుగా పోతోంది. ఆ రోజే ఆ కలపడం తీసేశాను.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ. అందరి ఐకాన్లలో నంబరు తీసేసి పేరు పెట్టాను, పేరుని ఐపీగా మార్చి చెప్పే డీఎన్ఎస్‌లో ఆ జవాబు గుర్తుంచుకునే గడువు 60 సెకన్లు. వీఎం మ్యాక్ దానితోపాటే వస్తుంది కాబట్టి రెండు రౌటర్లలోనూ ఆ మ్యాక్‌కి ఐపీ రాసిపెట్టాను. చిక్కల్లా, లైవ్‌గా వచ్చిన వీఎంకి ఊరు మారిన సంగతి తెలీదు, పాత ఐపీనే పట్టుకుని కూర్చుంటుంది. ప్రాక్స్‌మాక్స్‌లో దాని నెట్‌వర్క్ కార్డుకి 'డిస్కనెక్ట్' టిక్కు పెట్టి, పది సెకన్లాగి తీసేయండి. కేబుల్ పీకి పెట్టినట్టు అనుకుని కొత్త ఐపీ అడుగుతుంది. డీఎన్ఎస్‌లో కూడా ఆ కొత్త ఐపీ వేయాలి, నేను చేత్తోనే మారుస్తాను. తెరిచి ఉన్న సెషన్లన్నీ పోతాయి. కాబట్టి ఊళ్ల మధ్య దీన్ని 'లైవ్' అనడం నా దృష్టిలో సగం నిజమే, ముందుగా అందరికీ ఫోన్ చేసి చెప్పి చేయాల్సిన పని.

అయినా ఎందుకు పెట్టుకున్నానంటే, మొంథా కోసం. 2025 అక్టోబర్ 28 రాత్రి ఆ తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ముందురోజు పొద్దున రాజోలులో బిల్లింగ్ నడుస్తుండగానే వీఎంని భీమవరం తెచ్చేశాను, ఇక్కడ జనరేటర్ ఉంది కాబట్టి. మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చేసింది. రాజోలులో రెండు రోజులు కరెంటు లేదు, లెక్కలు మాత్రం ఇక్కడ నడిచాయి. 2022 మే నెలాఖరులో కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఈ సదుపాయం లేదు. ఉన్నా లాభం లేదు, నెట్టే లేదుగా. 31 జీబీ వీఎం బ్యాకప్‌ని హార్డ్ డిస్కులోకి తీసి, చొక్కా జేబులో పెట్టుకుని బండి మీద చించినాడ బ్రిడ్జి దాటాను. గంటంబావుకి 31 జీబీ అంటే 55 ఎంబీపీఎస్. మా ఫైబర్ కన్నా 5 ఎక్కువ.

ఐదుకి నాలుగిస్తాను. తగ్గించిన ఒకటి, వెర్షన్ 8లో రిమోట్ మైగ్రేషన్‌కి నా చేత కమాండ్ టైపు చేయించినందుకు. ఏపీఐ టోకెను (అవతలి పెట్టెలోకి వెళ్లే తాళంచెవి లాంటిది), అవతలి సర్టిఫికెట్ వేలిముద్ర (అది అసలు పెట్టేనని తేల్చే కోడ్), టార్గెట్ బ్రిడ్జి (అవతలి పెట్టె లోపలి స్విచ్చి), టార్గెట్ స్టోరేజి, ఒక్క అక్షరం తప్పినా మొదటికొస్తుంది. నేనైతే అదంతా ఒక నోట్‌బుక్ కాగితం మీద రాసి రాజోలు పెట్టె మీద అతికించాను. టోకెను మాత్రం రాయలేదు లెండి.