రువాండాలో వదిలి వెళ్లారు, స్రెబ్రెనిట్సాలో ఉండీ కాపాడలేదు

ఆఫ్రికాలోని రువాండా, యూరప్‌లో బోస్నియాలోని స్రెబ్రెనిట్సా ఊరు: ఊచకోత జరిగిన ఈ రెండు చోట్లా ఐక్యరాజ్యసమితి సైనికులు ఉన్నారు. 1994 ఏప్రిల్ 7న రువాండాలో పదిమంది బెల్జియం సైనికులను చంపేశాక బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిచింది, అక్కడి ఐక్యరాజ్యసమితి దళం కమాండర్ డల్లైర్ ఇంకా బలగాలు కావాలని మొత్తుకుంటుంటే భద్రతా మండలి దాదాపు 2,500 మందిని 270కి తగ్గించాలని తీర్మానించింది. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీ అనే మైనారిటీ జాతివాళ్లను, చంపేశారు.

స్రెబ్రెనిట్సాను ఐక్యరాజ్యసమితి 1993లోనే 'సురక్షిత ప్రాంతం' అంది. 1995 జులైలో, ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడున్న డచ్ సైనికుల కళ్ల ముందే ఊరు బోస్నియా సెర్బు దళాల చేతిలో పడింది, 8,000 మంది ముస్లిం మగవాళ్లనూ మగపిల్లలనూ చంపేశారు.

సంఖ్యలో రువాండా ఎంతో పెద్దది. అయినా నాకు స్రెబ్రెనిట్సా మీదే కోపం ఎక్కువ: స్థావరంలో తలదాచుకున్న సుమారు 350 మంది మగవాళ్లను డచ్ సైనికులే బయటికి పంపారు.