మిషిగన్ పాత ఫుట్‌బాల్ ఫిల్ములు: ఎనిమిదేళ్లుగా చూసిన మీదట

మా అబ్బాయి ఆన్ ఆర్బర్‌లో చదువుకు చేరిన ఏడాది నుంచి, అంటే ఎనిమిదేళ్లుగా, మిషిగన్ విశ్వవిద్యాలయం ఆడిన పాత అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేతపట్టి పరుగెత్తే ఆట) ఆటల ఫిల్ములను చూస్తున్నాను. కోచ్‌ల కోసం తీసిన ఈ మూగ ఫిల్ములలో నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే: కెమెరా ఎత్తున ఉంటుంది కనుక ఇరుజట్ల 22 మందీ ఒకేసారి కనిపిస్తారు. బంతికి దూరంగా ఉన్నవాడు ఏం చేస్తున్నాడో కూడా తెలుస్తుంది.

దీని విలువ నాకు ‘స్నో బౌల్’ వల్ల తెలిసింది. 1950 నవంబరు 25న కొలంబస్‌లో, మంచు తుపానులో, మిషిగన్ ఒహాయో స్టేట్‌ను 9–3తో ఓడించింది. ఈ ఆటలో బంతి ఉన్న జట్టు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు ప్రయత్నాలు (డౌన్‌లు) ఉంటాయి; సాగితే ‘ఫస్ట్ డౌన్’, అంటే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. కానీ మిషిగన్ ఒక్క ఫస్ట్ డౌన్ సాధించలేదు, ఒక్క పాసు పూర్తి చేయలేదు, 24 సార్లు పంట్ చేసింది, అంటే బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు వదిలేసింది. ఈ అంకెలు చదివి, అదృష్టం కొద్దీ గట్టెక్కారని చాలాకాలం అనుకున్నాను. ఫిల్ము చూశాక ఆ అభిప్రాయం నిలవలేదు. గీతలు మంచు కింద మాయమైన ఆ మైదానంలో, చీపుళ్లతో ఊడ్చి గీతను వెదుక్కోవలసిన స్థితిలో, బంతిని దగ్గర ఉంచుకోవడమే ప్రమాదమని గ్రహించినవారు మొదటి డౌన్‌లోనే దాన్ని దూరంగా తన్నేసి, జారిపోయే బంతితో పడే అవస్థను ఎదుటివారికి అప్పగించారు. ఆ 9 పాయింట్లూ అడ్డుకున్న పంట్‌ల వల్ల వచ్చినవే.

కెమెరామన్ డౌన్‌కూ డౌన్‌కూ మధ్య కెమెరా ఆపేవాడు, ఎందుకంటే 16 ఎం.ఎం. రీలు 400 అడుగులున్నా 11 నిమిషాలే వస్తుంది. మధ్యాహ్నమంతా సాగిన ఆటను గంటలోపే చూడవచ్చని ఇదివరకు చాలామందికి మెచ్చుకోలుగా చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. మొదటి సగం ముగియడానికి నిమిషం కూడా లేనప్పుడు ఒహాయో స్టేట్ కోచ్ వెస్ ఫెస్లర్ మూడో డౌన్‌లో పంట్ చేయించగా, మిషిగన్ ఆటగాడు టోనీ మామ్సెన్ దాన్ని అడ్డుకుని, బంతిపై పడి టచ్‌డౌన్ (ఆరు పాయింట్ల స్కోరు) సాధించాడు. ఫెస్లర్ పంట్ చేయించకుండా ఆ సగం ముగిసేదాకా కాలం గడిపేసి ఉండవలసిందన్న విమర్శలో నిజమెంతో తేల్చుకోవాలని ఆ భాగాన్ని పదేపదే వెనక్కి తిప్పి చూశాను. ఒక డౌన్ ముగియగానే బొమ్మ ఒక్కసారి అదురుతుంది, మరుక్షణం ఆటగాళ్లు తరువాతి వరుసలో నిలబడి ఉంటారు. నాకు కావలసిన ఆ నడిమి సెకన్లు రీలులో లేవు.

రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక వ్యూహం కోసం చూసే నాకు శబ్దం లేకపోవడం లోటుగా తోచదు. జనం కేకలు లేకపోతే మా అబ్బాయి మాత్రం పది నిమిషాలు కూర్చోలేడు, అతని వంటివారికి వీటిని చూడమని చెప్పను. ఆనాటి పత్రికా కథనాన్ని పక్కన పెట్టుకుని చూసే ఓపిక ఉన్నవారైతే స్నో బౌల్‌తోనే మొదలుపెట్టవచ్చు.