ఎర్ర పైపులు చూసి నమ్మకండి: ఎత్తైన భవనాల్లో ఫ్లాట్ కొనేవాళ్లకు హెచ్చరిక

ఇరవై, ముప్ఫై అంతస్తుల భవనంలో ఫ్లాట్ చూస్తున్నారా? అడ్వాన్స్ కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. మోడల్ ఫ్లాట్‌లో టైల్స్, కుళాయిలు, వంటగది అరలు అన్నీ ముట్టుకుని మరీ చూస్తాం. ఫైర్ సేఫ్టీ దగ్గరికి వచ్చేసరికి గోడ పక్కన ఎర్ర పైపు, సీలింగ్‌కి స్ప్రింక్లర్, మూలన మంటలార్పే సిలిండర్ కనిపిస్తే చాలు, అన్నీ ఉన్నాయనుకుని ముందుకెళ్లిపోతాం. ఇంట్లో చేరాక బయటపడుతుంది అసలు సంగతి. పైపు ఉంటుంది, అందులో నీళ్లుండవు. పంపు ఉంటుంది, దాని స్విచ్ మాన్యువల్‌లో ఉంటుంది. తలుపు ఉంటుంది, అది మూసుకోదు. అప్పటికి డబ్బంతా కట్టేసి ఉంటాం. సరిచేయించే ఖర్చు కొన్నవాళ్ల నెత్తినే పడుతుంది.

"ఫైర్ ఇంజన్ వస్తుందిగా" అంటారు. వస్తుంది. కానీ మామూలు నిచ్చెన బండి అందుకునే ఎత్తు సుమారు 30 మీటర్లు. అంతస్తుకు 3 మీటర్ల లెక్కన అది తొమ్మిదో, పదో అంతస్తుతో సరి. వంద మీటర్లు దాటి అందుకునే బండ్లు లేకపోలేదు, కానీ అవి అరుదు. వాటికి కాళ్లు చాపి నిలబడే గట్టి నేల, మలుపు తిరిగే చోటు కావాలి. ఇప్పుడు కట్టే చాలా టవర్లకు కింద వెడల్పాటి పోడియం ఉంటుంది. దాని మీద తోట, ఈతకొలను వేస్తారు. టవర్ గోడ రోడ్డుకి ఎంత దూరం జరిగితే నిచ్చెన చేరే ఎత్తు అంత తగ్గిపోతుంది. పోడియం మీదికి బండి ఎక్కించవచ్చని బిల్డర్ చెబితే, ఆ స్లాబు ఎన్ని టన్నుల బండికి డిజైన్ చేశారో కాగితం మీద అడగండి. నిండా నీళ్లతో ఉన్న పెద్ద బండి ముప్ఫై టన్నులు దాటొచ్చు. కిందున్నది కార్ల పార్కింగ్ అయితే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

అంటే పదో అంతస్తు పైన మంటలార్పేది భవనమే. సిబ్బంది లోపలి నుంచే ఎక్కి, భవనంలోని పైపు నుంచే నీళ్లు తీసుకోవాలి. వాళ్ల వీపు మీది గాలి సిలిండర్ సాధారణంగా అరగంటకు వస్తుంది, కష్టపడి పని చేస్తుంటే అంతకన్నా ముందే అయిపోతుంది. అందుకే లిఫ్టు, మెట్లు, నీళ్లు, ఈ మూడూ మంట చోటు దాకా పనిచేయాలి.

ముందు నీళ్ల సంగతి. ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. నీటిని 10 మీటర్లు పైకి ఎత్తడానికి సుమారు 1 బార్ ప్రెజర్ ఖర్చవుతుంది. 90 మీటర్ల భవనంలో ఉత్తి ఎత్తుకే 9 బార్ పోతుంది. పైన నాజిల్ దగ్గర కనీసం మూడున్నర బార్ అయినా మిగలాలి. పైపులో రాపిడికి ఇంకొంత పోతుంది. అంటే కింద పంపు 13, 14 బార్ ఇవ్వాలి. పంపు మీద అతికించిన రేకు చదివితే దాని సామర్థ్యం తెలుస్తుంది. భవనం ఎత్తుతో మీరే లెక్క వేసుకోవచ్చు.

రేకు మీద అంకె ఉన్నంత మాత్రాన పైన నీళ్లు వస్తాయని కాదు. పై అంతస్తు మెట్ల దగ్గర ల్యాండింగ్ వాల్వ్‌కు, అంటే సిబ్బంది హోస్ బిగించుకునే కుళాయికి, ప్రెజర్ చూపే గేజ్ బిగించి చూపించమనండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. వాల్వ్ మూసి ఉంచి గేజ్ చూపిస్తే ముల్లు బాగానే నిలబడుతుంది. ఎక్కడో కింద వాల్వ్ సగమే తెరిచి ఉన్నా, పైపులో తుప్పు, చెత్త అడ్డుపడ్డా అప్పుడు తెలియదు, ఎందుకంటే నీళ్లు కదలడం లేదు. హోస్ బిగించి, నీళ్లు పారిస్తూ గేజ్ చూడాలి. పారించగానే ముల్లు జారిపోయి పైకి లేవకపోతే ఆ పైపు ఎందుకూ పనికిరాదు. రెండు అంకెలూ, వాల్వ్ మూసినప్పటిది, నీళ్లు పారుతున్నప్పటిది, రాసుకోండి. ఫోటో తీసుకోండి.

ఎత్తైన భవనాల్లో కింది అంతస్తుల్లో ప్రెజర్ మరీ ఎక్కువై హోస్ చేతిలో నిలవదు. అందుకని ప్రెజర్ తగ్గించే వాల్వులు పెడతారు. ఇవి సరిగ్గా సెట్ చేయకపోతే ప్రాణాలే పోతాయి. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో 22వ అంతస్తులో నిప్పంటుకుంది. అక్కడి వాల్వులు చాలా తక్కువ ప్రెజర్‌కు సెట్ చేసి ఉండటంతో సిబ్బంది హోసుల్లోకి చాలినంత నీళ్లు రాలేదు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మంట పైకి పోతూ పోతూ 30వ అంతస్తులో ఆగింది. అక్కడ స్ప్రింక్లర్లు ఉన్నాయి, పది తలలు విచ్చుకుని దాన్ని నిలిపేశాయి. మంట పాకిన కింది అంతస్తుల్లో అవి లేవు. అందుకే అంటున్నాను, ఎన్ని వాల్వులున్నాయో కాదు, ఏ అంతస్తు వాల్వు ఎంతకు సెట్ చేశారో పట్టిక అడగండి.

పంపు గదికి తీసుకెళ్లమనండి. సాకులు చెబితే అదే మీకు జవాబు. లోపల మూడు పంపులు కనిపించాలి: చిన్న లీకులకు ప్రెజర్ నింపే చిన్న జాకీ పంపు, కరెంటు మెయిన్ పంపు, కరెంటు పోతే నడిచే డీజిల్ పంపు. ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్ ఆటోలో ఉందో లేదో మొదట చూడండి. జాకీ పంపు మాటిమాటికీ నడుస్తోందని, శబ్దమని, దాన్ని మాన్యువల్‌కు తిప్పి వదిలేయడం చాలా చోట్ల జరిగేదే. నిజానికి జాకీ అలా నడుస్తోందంటే లైన్లో ఎక్కడో లీకుంది. ఒక డ్రెయిన్ వాల్వ్ తెరిపించండి. ప్రెజర్ పడగానే జాకీ, ఇంకా పడితే మెయిన్ పంపు ఎవరూ ముట్టుకోకుండా మొదలవ్వాలి. తర్వాత కరెంటు ఆపించండి, డీజిల్ దానంతటది అందుకోవాలి. బ్యాటరీ చచ్చిపోయి ఉండటం, ట్యాంకులో డీజిల్ అడుగంటి ఉండటం ఇక్కడ బయటపడతాయి. నీళ్ల ట్యాంకు ఇళ్లకు, ఫైర్‌కు కలిపి ఒకటే అయితే, ఇళ్లకు వెళ్లే పైపు ఎంత ఎత్తు నుంచి తీశారో చూడాలి. అడుగు నుంచి తీస్తే ఫైర్ కోసం దాచిన నీళ్లు రోజువారీ వాడకంలోనే అయిపోతాయి.

స్ప్రింక్లర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఎర్ర గాజు బుడ్డి 68 డిగ్రీల దగ్గర పగిలి నీళ్లు వదులుతుంది. వేడి తగిలిన తల ఒక్కటే విచ్చుకుంటుంది, సినిమాల్లోలా అన్నీ ఒకేసారి కాదు. దాని మీద గోడ రంగు పడితే మార్చాల్సిందే, తుడిస్తే సరిపోదు. ఫాల్స్ సీలింగ్ వేయించుకునేటప్పుడు తలలు దాని పైన ఉండిపోకుండా చూసుకోండి. ఆ తప్పు బిల్డర్ కన్నా కొన్నవాళ్లే ఎక్కువగా చేస్తారు.

ఇక మెట్లు, తలుపులు. భవనాల్లో నిప్పంటుకున్నప్పుడు చనిపోయేవాళ్లలో ఎక్కువమందిని చంపేది మంట కాదు, పొగ. 2022 జనవరిలో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని 19 అంతస్తుల భవనంలో ఒక ఫ్లాట్‌లోని హీటర్ వల్ల మంట మొదలైంది. మంట ఆ ఫ్లాట్, దాని ముందు వరండా దాటి పెద్దగా పోలేదు. కానీ ఫ్లాట్ తలుపు, పైన ఒక మెట్ల తలుపు వాటంతటవి మూసుకోకపోవడంతో పొగ మెట్లంతా నిండిపోయింది. పదిహేడు మంది చనిపోయారు. తలుపును దానంతటదే మూసే ఆ చిన్న క్లోజర్ విలువ అంత.

అందుకని మెట్ల తలుపును ఇలా పరీక్షించండి. పూర్తిగా తెరిచి వదలండి, మూసుకుని, గొళ్లెం నాలుక టక్కున పడాలి. ఆ తర్వాత జానెడు మాత్రమే తెరిచి వదలండి. చాలా తలుపులు ఈ రెండోదానిలో తప్పుతాయి. అంచు దాకా వచ్చి ఆగిపోతాయి, నాలుక పడదు. తలుపు చుట్టూ సందు 3, 4 మిల్లీమీటర్లకు మించకూడదు. ఫ్రేములోనో, తలుపు అంచులోనో గాడిలో ఒక పట్టీ ఉంటుంది. వేడికి ఉబ్బి సందు మూసేది అదే. దాని మీద రంగు దట్టంగా పూసేసినా, సగం పీకేసి ఉన్నా వెంటనే అడగండి. తలుపు కింద చెక్క ముక్క, ఇటుక, పూలకుండీ పెట్టి తెరిచి ఉంచితే, ఆ భవనం నడిపేవాళ్లకు తలుపు ఎందుకుందో తెలియదన్నమాట.

మెట్లలోకి పొగ రాకుండా ఫ్యానుతో గాలి ఒత్తిడి పెట్టే ఏర్పాటు ఉంటే, ఫ్యాను నడిపించి చూడాలి. సాధారణంగా తలుపులు మూసినప్పుడు 50 పాస్కల్ ఒత్తిడి దాకా ఉంచుతారు. అది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ రెండు చదరపు మీటర్ల తలుపు మీద అది పది కిలోల బరువు వాలినంత. క్లోజర్ పట్టు దానికి తోడవుతుంది. ఫ్యాను ఎక్కువగా తోస్తే పిల్లలు, పెద్దవాళ్లు మెట్లలోకి తలుపు తెరవలేరు. తక్కువైతే పొగ ఆగదు. రెండు తలుపులు ఒకేసారి తెరిచి, మూడో తలుపు సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకుని గాలి మెట్ల లోపలి నుంచి బయటికి వస్తోందా చూడండి. ఐదు నిమిషాల పని.

రెండు మెట్ల దారులున్నాయని బ్రోచర్లో రాస్తే ప్లాన్ తీసి చూడండి. కత్తెరలా ఒకదానిలో ఒకటి అల్లి, ఒకే షాఫ్ట్‌లో కట్టిన మెట్లు కూడా కాగితం మీద రెండే. కానీ వాటి మధ్య ఉన్నది ఒక్క గోడ. రెండింటి తలుపులూ ఒకే లాబీలోకి తెరుచుకుంటే పొగకు రెండూ ఒకటే.

ఎవరూ చూడనిది కరెంటు షాఫ్ట్, అంటే కేబుళ్లు అన్ని అంతస్తులూ దాటి పోయే నిలువు గూడు. మీ అంతస్తులో దాని తలుపు తెరిపించి, టార్చ్ వేసి కిందికి చూడండి. కేబుళ్ల పక్క నుంచి కింది అంతస్తు వెలుతురు కనిపిస్తే అది పొగగొట్టమే. ప్రతి అంతస్తులో స్లాబు మట్టానికి మంటనాపే సీలు ఉండాలి. పసుపు పచ్చగా ఉబ్బిన మామూలు పీయూ (పాలియురేథేన్) ఫోమ్ కొట్టి "సీల్ చేశాం" అంటారు. అది కాలుతుంది. ప్లాస్టిక్ పైపులు స్లాబు దాటేచోట చుట్టూ లోహపు కాలర్ ఉండాలి. మంటకు పైపు కరిగిపోతే లోపలి పదార్థం ఉబ్బి ఆ రంధ్రాన్ని మూస్తుంది. కాలర్ లేకపోతే పైపు కరిగిన చోట చేయి పట్టేంత బొక్క మిగులుతుంది.

బయటి గోడ అందం కోసం అతికించే పలకల గురించి గట్టిగా అడగండి. అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్ అంటే రెండు పలచని రేకుల మధ్య ఒక పొర. ఆ పొర పాలిథిలిన్ అయితే గోడకు ఘన ఇంధనం అతికించినట్టే. 2014లో మెల్‌బోర్న్ లాక్రోస్ భవనంలో ఎనిమిదో అంతస్తు బాల్కనీలోని సిగరెట్ నిప్పు పది పదిహేను నిమిషాల్లోనే పై అంతస్తు దాకా ఎగబాకింది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో ఒక వంటగది ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట కిటికీ దాటి ఈ పలకలకు అంటుకుని, 24 అంతస్తుల భవనం కొసకు అరగంట లోపే చేరింది. 72 మంది చనిపోయారు. "ఇంట్లోనే ఉండండి" అని అగ్నిమాపక దళం అక్కడివాళ్లకు ఇచ్చిన సలహాను తెల్లవారుజామున 2:47కి గానీ మార్చలేదు. మొదటి ఫోన్ అర్ధరాత్రి 12:54కే వచ్చింది. ఇంట్లోనే ఉండటం అనే పద్ధతి నిలబడేది గోడ, తలుపు, షాఫ్ట్ మంటను ఆపగలిగినప్పుడే. 2024లో స్పెయిన్ వలెన్సియాలో కూడా బయటి గోడ మీదుగా మంట పాకి పది మంది పోయారు.

"ఫైర్ రేటెడ్ ప్యానెలే సార్" అనే నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. మధ్య పొర ఏమిటో, ఏ పరీక్షలో ఏ తరగతి వచ్చిందో కాగితం కావాలి. ఆ పరీక్ష ఒట్టి పలకకు చేశారా, వెనక ఇన్సులేషన్, గాలి సందుతో కలిపి మొత్తం గోడకు చేశారా అన్నది అసలు ప్రశ్న. పలక వెనక సందులో మంట బయట ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు పొడవు సాగుతుంది. ప్రతి అంతస్తు దగ్గరా ఆ సందును మూసే అడ్డుకట్టలు లేకపోతే పలక మంచిదైనా లాభం తక్కువ.

నిలువెల్లా అద్దాలున్న టవర్లలో స్లాబు అంచుకు, అద్దానికి మధ్య చేతివెడల్పు సందు ఉంటుంది. అందులో రాతి ఉన్ని గట్టిగా కూరి, పైన సీలెంట్ పూయాలి. చూపించమనండి. మధ్యలో పైదాకా ఖాళీ వదిలిన ఏట్రియం భవనాల్లో మరో చిక్కు. పొగ పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది, గాజు కప్పు కింద ఎండకు వేడెక్కిన గాలి అడ్డుపడుతుంది. పొగ మధ్యలోనే ఆగి పక్క అంతస్తుల్లోకి పరుచుకుంటుంది. కప్పుకు బిగించిన పొగ డిటెక్టర్‌కు అది చేరదు. మధ్య ఎత్తుల్లో, అడ్డంగా కాంతి కిరణం పంపి పొగను పసిగట్టే బీమ్ డిటెక్టర్లు ఉన్నాయా అని అడగండి.

లిఫ్టుల్లో సిబ్బంది వాడేది ఏదో అడిగి, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఫైర్‌మన్ స్విచ్ వేయించండి. ఎవరు ఏ బటన్ నొక్కినా పట్టించుకోకుండా లిఫ్టు సూటిగా కిందికొచ్చి తలుపు తెరిచి నిలబడాలి. ఆశ్రయం కోసం వదిలిన రెఫ్యూజ్ అంతస్తుకు నడిచి వెళ్లండి, జిమ్ సామానో, పాత ఫర్నిచరో పేర్చి ఉంటే ఫోటో తీయండి. బేస్‌మెంట్లో పొగ తోడే ఫ్యాన్లు నడిపించి చూడండి. ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ పాయింట్లు మెట్ల తలుపు పక్కనే ఉంటే అభ్యంతరం చెప్పండి, బ్యాటరీ మంట ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటుంది.

ఇవన్నీ తాళాలు తీసుకోకముందు, చివరి వాయిదా చేతిలో ఉండగానే జరగాలి. పంపు పరీక్ష అంకెలు, వాల్వుల సెట్టింగ్ పట్టిక, బయటి గోడ ప్యానెల్ పరీక్ష నివేదిక, షాఫ్ట్ సీళ్ల ఫోటోలు, కట్టినదానికి సరిపోయే ప్లాన్లు, వీటి పేర్లు ఒప్పందంలో రాయించుకోండి. "అనుమతి వచ్చింది" అన్న ఒక్క కాగితం వీటికి బదులు కాదు. అది ఆ రోజు చూసినదానికి మాత్రమే.

ఇంట్లో చేరిన మొదటి వారంలోనే, చేతిలో టార్చ్‌తో, మీ అంతస్తు నుంచి కింది దాకా మెట్లు దిగండి. ఏ మలుపులో సైకిలుందో, ఏ దీపం వెలగదో తెలుస్తుంది. ఆఖరున బయటికి తెరుచుకునే తలుపుకు తాళం వేసి ఉందేమో చూడండి. ఉంటే ఆ పూటే తీయించండి.