తొమ్మిదేళ్లు రెవిట్‌తో పనిచేశాక

హైదరాబాద్‌లో ఆస్పత్రులు, ఆఫీసు భవనాలు కట్టే ప్రాజెక్టుల్లో బీఐఎం కోఆర్డినేటర్‌గా, అంటే భవనం కంప్యూటర్ మోడల్లో అందరి పనీ సరిచూసేవాడిగా, తొమ్మిదేళ్ల నుంచి రోజూ రెవిట్ తెరుస్తున్నాను. భవనాన్ని త్రీడీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్ అది. ఇష్టంగానే తెరుస్తున్నాను. ఒక గోడ జరిపితే ప్లాను, సెక్షను, తలుపుల పట్టిక అన్నీ తమంతట తామే మారిపోతాయి. అంతకుముందు ఆటోక్యాడ్‌లో ఒక్క మార్పు కోసం పదిహేను షీట్లు దిద్దినవాణ్ణి కాబట్టి దాని విలువ నాకు తెలుసు. రెవిట్ మొదటి వెర్షన్ 2000లో వచ్చింది, 2002లో దాన్ని ఆటోడెస్క్ కంపెనీ కొనుక్కుంది. అయినా దీన్ని కొన్న ఆఫీసులన్నిటికీ ఫలితం దక్కడం లేదు. డ్రాయింగులు బయటికి రావడం కోసం మోడల్ చేస్తున్నారు తప్ప, సైట్లో పని జరిగే తీరులో చేయడం లేదు.

నా రెండో ప్రాజెక్టులో ఇదే జరిగింది. బేస్‌మెంట్ పైకప్పు కింద 160 మి.మీ. డ్రైనేజీ పైపు, పొడవు 24 మీటర్లు. నూటికి ఒకటి వాలు అంటే అటు చివరికి వెళ్లేసరికి 240 మి.మీ. దిగాలి. గడువు తరుముతుంటే మేం వాలు ఇవ్వకుండా సమంగా లాగేశాం. పైపు బీముల కింద, వెంటిలేషన్ డక్టు పైన చక్కగా ఇమిడింది. మోడళ్లను కలిపి చూసే నావిస్‌వర్క్స్‌లో టెస్టు పెడితే క్లాషులు, అంటే ఒకదానికొకటి తగిలే చోట్లు, సున్నా. మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. డక్టు బిగించడం కూడా అయిపోయింది. నెల తర్వాత ప్లంబింగ్ మేస్త్రీ లెవెల్ ట్యూబు పట్టి చూసి నన్ను పిలిచాడు. "సార్, మీ బొమ్మల పైపు సక్కగుంది. నీళ్లెట్ల పోతయ్?"

డక్టు విప్పి కిందికి దించాం. ర్యాంపు దగ్గర తల ఎత్తు తగ్గిపోయింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. వాలు ఇచ్చే సౌకర్యం అందులో అప్పటికే ఉంది. మేం వాడలేదు.

అప్పటి నుంచి క్లాషుల సంఖ్య చూసి మోడల్ బాగుందని నేను ఒప్పుకోను. ముందు వాలున్న పైపులు గీయాలి, ఎందుకంటే అవి ఎవరికీ దారి ఇవ్వలేవు. తర్వాత పెద్ద డక్టులు, ఆ తర్వాత కేబుల్ ట్రేలు, స్ప్రింక్లర్ పైపులు. ఏసీకి చల్లటి నీళ్లు తెచ్చే చిల్డ్ వాటర్ పైపుకు ఇన్సులేషన్ మందం కూడా మోడల్లో ఉండాలి. వాల్వు దగ్గర స్పానర్ తిప్పడానికి చెయ్యి పట్టే చోటుందా అన్నది చుట్టూ ఖాళీ చూసే క్లియరెన్స్ టెస్టు పెడితేనే తేలుతుంది.

క్వాంటిటీల, అంటే సరుకు లెక్కల విషయంలోనూ అంతే. ఒక కాలమ్‌ని కింది నుంచి నాలుగంతస్తుల వరకు ఒకటే ముక్కగా గీస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. సైట్లో మాత్రం అంతస్తుకోసారి పోస్తారు. ఈ నెల బిల్లుకు రెండో అంతస్తు కాంక్రీటు ఎంత అని అడిగితే రెవిట్ ఇచ్చే లెక్కల పట్టిక, అంటే షెడ్యూల్, చెప్పలేకపోతుంది. బీము, స్లాబు ఒకదానితో ఒకటి జాయిన్ కాకపోతే కలిసే భాగం రెండుసార్లు లెక్కకొస్తుంది. 230 మి.మీ. వెడల్పు బీముల మీద 150 మి.మీ. స్లాబు, మొత్తం బీముల పొడవు 300 మీటర్లు అనుకోండి. పది ఘనపు మీటర్లకు పైగా లేని కాంక్రీటు లెక్కలోకి వచ్చేస్తుంది. అది దాదాపు రెండు ట్రాన్సిట్ మిక్సర్ లారీల సరుకు. కడ్డీలు కూడా రెవిట్‌లో గీయొచ్చు గానీ ఫైలు బరువెక్కి కదలదు. కష్టమైన జంక్షన్లకే గీసి, మిగతా బీబీఎస్ (కడ్డీల కొలతల పట్టిక) విడిగా చేసుకుంటున్నాం.

నచ్చనివి కూడా ఉన్నాయి. కొత్త వెర్షన్లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే దారీ లేదు. ఒకసారి ఒక కన్సల్టెంట్ చెప్పకుండా అప్‌గ్రేడ్ చేసి పంపితే మా అందరికీ రెండు రోజుల పని ఆగిపోయింది. ఏ వెర్షన్ వాడాలో మొదటి మీటింగులోనే తేల్చి బీఐఎం ఎగ్జిక్యూషన్ ప్లాన్‌లో, అంటే మోడల్ పని ఎలా చేయాలో రాసుకునే పత్రంలో, రాసుకోండి, అందరి మోడళ్లూ ఒకే చోట కూర్చునేలా షేర్డ్ కోఆర్డినేట్లు కూడా అప్పుడే కుదుర్చుకోండి. ఆటోక్యాడ్ డ్రాయింగుల డీడబ్ల్యూజీ ఫైళ్లను మోడల్లోకి ఇంపోర్ట్ చేయకుండా లింక్ చేయండి. 2016 నుంచి శాశ్వత లైసెన్సులు అమ్మడం మానేశారు, చందా కడుతూ ఉండాల్సిందే. ముగ్గురు నలుగురున్న చిన్న ఆఫీసుకు అది నిజంగా భారం. జీ ప్లస్ టూ ఇళ్లు మాత్రమే చేసేవారికి తొందరేమీ లేదంటాను. ఆస్పత్రి లాంటిది ఒప్పుకుంటే మాత్రం ఇది లేకుండా దిగొద్దు.

మోడల్ ఆఫీసు కంప్యూటర్లోనే ఉండిపోతే ఇంత శ్రమా వృథా. మేస్త్రీ చేతికి ట్యాబ్ ఇచ్చి చూశాం, దుమ్ములో, ఎండలో ఎవరూ తెరవలేదు. ఇప్పుడు పైపులు నిలువుగా వెళ్లే ప్రతి షాఫ్టుకీ ఒక త్రీడీ వ్యూ తీసి, పైపులకు రంగులిచ్చి, పైపు దూరేందుకు కాంక్రీటులో పెట్టే స్లీవులకు నంబర్లు వేసి ఏ3 కాగితం మీద ప్రింట్ ఇస్తున్నాం. సెంట్రింగ్ అయ్యాక, కాంక్రీటుకు ముందు, ఆ కాగితం పట్టుకుని స్లీవులన్నీ లెక్కపెడతారు. పోయిన నెల అదే మేస్త్రీ ఏడో నంబరు స్లీవు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి పంపాడు. అక్కడ కాలమ్ కడ్డీలు గుమిగూడి ఉన్నాయి, స్లీవు పట్టదు. స్ట్రక్చరల్ ఇంజనీరుతో మాట్లాడి సాయంత్రానికి మోడల్లో 200 మి.మీ. పక్కకు జరిపాం. మర్నాడు ఏడు గంటలకు, మిక్సర్ రాకముందే, కొత్త కాగితం అతని చేతిలో ఉంది.